పంచర్ వేయించారు సరే, టైరు లోపల చూశారా?

బండి బాగోగుల మీద పాఠకులు అడిగే ప్రశ్నలకు, విజయనగరం ఆర్టీసీలో టైర్ల సెక్షన్‌లో పనిచేసి రిటైరైన మెకానిక్ ఇస్తున్న జవాబులివి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ట్యూబ్‌లెస్ టైర్ల గురించే.

ప్రశ్న: మాది విజయనగరం. బొబ్బిలి దగ్గర హైస్కూల్లో టీచర్‌ని. రోజూ కారు నేనే నడుపుకుంటూ వెళ్లొస్తాను. కిందటి నెల గజపతినగరం దాటాక వెనక టైరులో మేకు దిగింది. రోడ్డు పక్క షాపులో చక్రం కూడా విప్పకుండా మేకు పీకి, బంక రాసిన తాడు ముక్కలాంటిది గుచ్చి, పది నిమిషాల్లో పంపేశారు. 120 రూపాయలు తీసుకున్నారు. ఇప్పుడు వారం తిరక్కుండా గాలి తగ్గిపోతోంది. మా ఊళ్లో ఇంకో షాపుకి వెళ్తే, టైరు విప్పి లోపల్నుంచి ప్యాచ్ వేయాలి, 500 అవుతుంది అన్నారు. మా వారేమో అదంతా డబ్బు గుంజే యవ్వారం అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, విజయనగరం

జవాబు: రెండో షాపు వాళ్ల మాట వినండమ్మా. మీ వారికీ ఇది చదివి వినిపించండి.

ట్యూబ్ ఉన్న టైరులో గాలిని ట్యూబ్ పట్టి ఉంచుతుంది. ట్యూబ్‌లెస్‌లో ఆ పని టైరు లోపలి పల్చటి పొరది. బ్యూటైల్ జాతి రబ్బరుతో చేస్తారు దాన్ని. మామూలు రబ్బరులోంచి గాలి కొద్దికొద్దిగా జారిపోతుంది గానీ దీన్ని దాటి పోవడం కష్టం. ఆ పొర మీద దారాల పొర, దాని మీద సన్నటి ఉక్కు తీగలతో అల్లిన పట్టీలు, అన్నిటికంటే పైన రోడ్డుకి తగిలే ట్రెడ్డు. గాలి పోయిందంటే మేకు వీటన్నిటినీ చీల్చుకుని లోపలికి దిగిందన్నమాట. బయటికి కనిపించే కంత ఒక్కటే, దెబ్బ తగిలిన పొరలు మాత్రం నాలుగు.

మీ టైరులో గుచ్చిన ఆ బంక తాడు ముక్కనే స్ట్రిప్ అంటారు. అది వేసేటప్పుడు ఏం చేస్తారో గమనించే ఉంటారు. మేకు పీకి ఆ కంతలో గరుకు చువ్వ పెట్టి బలంకొద్దీ పైకీ కిందికీ ఆడిస్తారు. కంత కొంచెం పెద్దదవుతుంది. ఉక్కు తీగలు ఒకటీ అరా తెగొచ్చు కూడా. తర్వాత బంక స్ట్రిప్‌ని సూదికి ఎక్కించి లోపలికి పొడిచి సూది లాగేస్తారు. గాలి ఆగుతుంది, కాదనను. కానీ లోపలి పొర మీద పడిన చిల్లుకి మాత్రం ఏ అతుకూ పడలేదు. గాలి స్ట్రిప్ పక్కనుంచి మెల్లగా పొరల మధ్యకి పాకుతుంది. బయటి నుంచి వాన నీరు అదే కంతలోంచి ఉక్కు తీగల దాకా పోతుంది. తీగ తుప్పు పట్టిందంటే రబ్బరు దాన్ని వదిలేస్తుంది. అక్కడ పొరలు విడిపోయి, కొన్నాళ్లకి ట్రెడ్డు మీద బొడిపె లేస్తుంది. మీ దారిలో జూన్ నుంచి అక్టోబరు దాకా తడి రోడ్డు మీదే కదా ప్రయాణం.

ఇవన్నీ ఒక ఎత్తు. స్ట్రిప్ గుచ్చిన మనిషి టైరు లోపల చూడలేదు, నన్ను బాధపెట్టేది అదే. మేకు ఎంత పొడవుందో, ఏటవాలుగా దిగి పక్కగోడ వైపు ఏమన్నా గీరిందో, గాలి తగ్గిన టైరు మీద మీరు కాస్త దూరం వచ్చి ఉంటే ఆ నలుగుడికి లోపల ఏమైందో బయటి నుంచి చూసి చెప్పగలిగే మనిషి లేడు. డిపోలో చక్రం విప్పి, టైరు లోపలికి లైటు పెట్టి చుట్టూ తిప్పి చూడకుండా మేము ఏ టైరునీ మళ్లీ బస్సుకి ఎక్కించేవాళ్లం కాదు. కారులో కూర్చునేవాళ్లవీ ప్రాణాలే.

లోపలి ప్యాచ్ ఎలా వేయాలో చెబుతాను. షాపు దగ్గర నిలబడి చూసుకోండి, సిగ్గుపడకండి. ముందు సబ్బు నీళ్లు కొట్టి బుడగలొచ్చే చోట సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. వాల్వు పిన్ను తీసి గాలంతా వదిలి, మిషను మీద టైరుని రిమ్ము నుంచి విప్పాలి. లోపలంతా చూశాక మేకు తీసి, అది ఏ కోణంలో దిగిందో సన్నటి చువ్వ పెట్టి తెలుసుకోవాలి. అదే కోణంలో కార్బైడ్ కట్టరుతో కంతని శుభ్రం చేయాలి. తెగిన తీగల కొనలు మిగిలితే అవే తర్వాత ప్యాచ్‌ని కోస్తాయి. అప్పుడు లోపలి పొరని ప్యాచ్ కంటే కొంచెం ఎక్కువ మేర మెత్తగా గీకాలి. మరీ లోతుగా గీకితే దారాలు బయటపడతాయి, అసలు గీకకపోతే ప్యాచ్ అంటదు. ఈ పని చెయ్యి తిరిగిన మనిషి చేయాలి. గీకిన పొడంతా ఊడ్చేసి సొల్యూషన్, అంటే ప్యాచ్‌ని అతికించే బంక, రాయాలి.

ఇక్కడే చాలా షాపుల్లో తొందరపడతారు. సొల్యూషన్ తడిగా ఉండగానే ప్యాచ్ పెట్టేస్తారు. అది ఆరాలి. వేలి వెనక వైపుతో తాకితే చెమ్మ అంటకూడదు, కొంచెం జిగురుగా పట్టి వదలాలి. వానాకాలంలో ఇంకొంచెం ఎక్కువసేపు పడుతుంది. నోటితో ఊదితే ఉమ్మి తడి చేరుతుంది, ఊదనివ్వకండి. ఆ తర్వాత పుట్టగొడుగు ఆకారంలో ఉండే ప్యాచ్‌ని, మష్రూమ్ ప్యాచ్ అంటారు, దాని కాడని లోపల్నుంచి బయటికి లాగాలి. కాడ కంతని నింపుతుంది, గొడుగు లోపలి పొరకి అతుక్కుంటుంది. చిన్న పళ్ల చక్రంతో గొడుగు మధ్యనుంచి అంచులకి గట్టిగా నొక్కుకుంటూ వస్తే లోపల గాలి చిక్కదు. బయట మిగిలిన కాడని ట్రెడ్డుకి కాస్త పైగా కోసేస్తారు. టైరు ఎక్కించి గాలి నింపి మళ్లీ సబ్బు నీళ్లు. ఒక్క బుడగ కూడా రాకూడదు. చివర్లో వీల్ బ్యాలెన్సింగ్. అంతా అరగంట పైనే పడుతుంది. ఆ 500 ఈ పనికి న్యాయమైన కూలే.

మీ టైరుకి ఇప్పటికే స్ట్రిప్ పడింది కాబట్టి దాన్ని తీసి చూడాలి. శుభ్రం చేశాక కంత 6 మిల్లీమీటర్లు దాటకుండా, తీగలకి తుప్పు లేకుండా, కంత ట్రెడ్డు నడిమి భాగంలో ఉంటే ప్యాచ్ వేయించండి. అలా లేకపోతే ఎంత కొత్త టైరైనా ఒప్పుకోకండి. గజపతినగరం దగ్గర స్ట్రిప్ వేసిన మనిషిని మాత్రం తప్పుపట్టకండి. ఆ పూట మిమ్మల్ని బడికి చేర్చింది అతని పనే. స్ట్రిప్ ఉన్నది దారిలోంచి ఊరికి చేరడానికి. చేరాక వెంటనే లోపలి పని చేయించుకుని ఉంటే సరిపోయేది.

ప్రశ్న: ఇంటి ముందు నిలిపి ఉన్న కారు టైరులో మేకు తల కనిపిస్తోంది. గాలి మాత్రం దిగలేదు. పీకేయనా?
– ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: పీకొద్దు బాబూ. ముందు గేజి పెట్టి గాలి ఎన్ని పాయింట్లు (పీఎస్ఐ) ఉందో చూసి రాసుకో. మేకు చుట్టూ సబ్బు నీళ్లు పోసి చూడు. బుడగలు రాకపోతే అది ట్రెడ్డులోనే ఆగి ఉండొచ్చు. కొత్త టైరుకి ట్రెడ్డు మందమే 7, 8 మిల్లీమీటర్లు ఉంటుంది, చిన్న మేకైతే అందులోనే ఇరుక్కుంటుంది. బుడగలు వస్తున్నా మేకు ఉన్నంతసేపు అదే కంతకి బిరడా. మెల్లగా షాపుకి నడిపించుకెళ్లి అక్కడ తీయించు. గాలి బాగా తగ్గి ఉంటే నడపకుండా స్టెప్నీ వేసుకుని వెళ్లు.

ప్రశ్న: రాత్రిపూట టెక్కలి నుంచి శ్రీకాకుళం వస్తుంటే కోటబొమ్మాళి దాటాక బండి ఒక పక్కకి లాగింది. టైరు చప్పబడిపోయింది. చీకటి, బండిలో భార్యాపిల్లలున్నారు. వెలుతురున్న చోటు వచ్చేదాకా మెల్లగా నడిపించాను, ఒక మూడు కిలోమీటర్లు ఉంటుంది. ఒక్కటే మేకు, అదీ ట్రెడ్డు నడిమధ్యన. టైరు కొన్నది నిరుడే, బయటికి చెక్కుచెదరలేదు. షాపు కుర్రాడు మాత్రం టైరు పారేయాలి అంటున్నాడు. ఆరు వేల టైరండీ!
– ఒక వ్యాపారి, నరసన్నపేట

జవాబు: మీ బాధ అర్థమైంది. కానీ ఆ కుర్రాడు మీకు మేలు చేస్తున్నాడు. టైరు విప్పి ఉంటే దగ్గర కూర్చుని మీరే చూడండి.

లోపల చెయ్యి పెట్టి తడమండి. కాటుకలాంటి నల్ల పొడి వేళ్లకి అంటిందా? అది బయటి దుమ్ము కాదు, లోపలి పొర అరిగి రాలిన పొడి. ఇప్పుడు సెల్‌ఫోను లైటు వేసి పక్కగోడ లోపలి వైపు చూడండి. చుట్టూతా గీత గీసినట్టు ఒక అరుగుడు, దాని పక్కన రబ్బరు ముడతలు పడి ఉండటం కనిపిస్తుంది. బాగా నలిగిన టైరైతే ఆ గీత దగ్గర దారాలు పోగులు పోగులుగా పైకి తేలి ఉంటాయి. బొటనవేలితో ఆ చోట నొక్కండి, తర్వాత బాగున్న టైరు అదే చోట నొక్కండి. తేడా తెలిసిపోతుంది. ఒకటి తిరిగి తన్నుతుంది, ఇంకొకటి లొంగిపోతుంది.

బండి బరువుని మోసేది టైరులోని గాలి. గాలి లేనప్పుడు ఆ బరువంతా రిమ్ము అంచు మీద పడి, రోడ్డుకీ రిమ్ముకీ మధ్య పక్కగోడని నలిపేస్తుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ అదే నలుగుడు. మెల్లగా నడిపినా మూడు కిలోమీటర్లలో చక్రం వెయ్యిసార్లకు పైగానే తిరుగుతుంది. రబ్బరు వేడెక్కి దారాల నుంచి వదులవుతుంది. ఇలాంటి టైరుకి మేకు కంత మూసి గాలి నింపితే చూపుకి బాగానే నిలబడుతుంది. రేపు ఎండలో, హైవే వేగంలో, పిల్లలు వెనక సీట్లో ఉండగా ఆ పక్కగోడ విచ్చుకుంటే మీ చేతిలో స్టీరింగు ఆగదు. పొడీ గీతా ఏమీ లేకపోతే ప్యాచ్ వేయించుకోవచ్చు, కానీ మీరు చెప్పిన దూరాన్ని బట్టి నాకు ఆశ లేదు.

చీకట్లో కుటుంబంతో ఆగడానికి భయపడటం సహజమే. మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే ఇలా చేయండి. బ్రేకు గట్టిగా కొట్టకుండా వేగం తగ్గనిచ్చి, తెల్లగీత దాటి ఎంత ఎడమకి వీలైతే అంత ఎడమకి ఆపి, నాలుగు ఇండికేటర్లూ వేయండి. ఎర్ర త్రికోణం బోర్డు బండికి బాగా వెనక పెట్టండి. మనుషుల్ని బండిలో కూర్చోబెట్టొద్దు, ఎడమ వైపు నుంచి దింపి రోడ్డుకి దూరంగా, రెయిలింగు ఉంటే దానికి అవతల నిలబెట్టండి. ఆగి ఉన్న కారుని వెనక నుంచి లారీ గుద్దడం ఈ హైవే మీద మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. జాతీయ రహదారుల వాళ్ల సహాయం నంబరు 1033, రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఫోనులో ఇప్పుడే దాచుకోండి. మీరు ఎటువైపు వెళ్తున్నారో, కిలోమీటరు రాయి మీద అంకె ఎంతో, మడపం టోల్‌గేటుకి ఇవతలో అవతలో చెప్పగలిగితే వాళ్లు తొందరగా వస్తారు.

ప్రశ్న: అరసవల్లి రోడ్డులో రాయి అంచుకి తగిలి టైరు పక్కగోడ మీద చిన్న గాటు పడింది. గాలి మెల్లగా పోతోంది. ప్యాచ్ వేస్తాం, గ్యారంటీ అన్నారు ఒక షాపులో. వేయించొచ్చా?
– డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: వద్దు. ఎవరు గ్యారంటీ ఇచ్చినా వద్దు. కారు టైరు పక్కగోడలో ట్రెడ్డు కింద ఉన్నట్టు ఉక్కు పట్టీలు ఉండవు, దారాల పొరే ఆధారం. చక్రం తిరిగినంతసేపూ అది వంగుతూ సాగుతూ ఉంటుంది, అక్కడ ఏ ప్యాచూ నిలవదు. ట్రెడ్డు అంచు భుజం దగ్గర కూడా ఇదే మాట. బ్రిటన్ వాళ్ల టైర్ల ప్రమాణాల్లోనూ, అమెరికా టైర్ల తయారీదారుల సంఘం నిబంధనల్లోనూ కారు టైరుకి మరమ్మతు ట్రెడ్డు నడిమి భాగానికే, అదీ 6 మిల్లీమీటర్ల కంతకే. పక్కగోడ మీద ఉబ్బు లేచినా అంతే, దారాలు తెగాయని దానర్థం.

కొత్త టైరు కొనేటప్పుడు పక్కగోడ మీద గుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు చూడు. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని. షాపులో ఏళ్లు మూలిగిన సరుకు అంటగట్టకుండా ఇది కాపాడుతుంది. అదే ఇరుసు మీద రెండో టైరు బాగా అరిగి ఉంటే జత మార్చు.

ప్రశ్న: ఎండాకాలం టైర్లలో గాలి రెండు మూడు పాయింట్లు తగ్గించమంటారు. నైట్రోజన్ కొట్టించమని కూడా అంటారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఎచ్చెర్ల

జవాబు: గాలి తగ్గించడం ప్రమాదం తల్లీ. గాలి తక్కువైతే పక్కగోడ ఎక్కువ వంగుతుంది, వంగినకొద్దీ వేడి పుడుతుంది, మే నెల రోడ్డు వేడి దానికి తోడవుతుంది. డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద ఉండే స్టిక్కరులో ఎంత రాసి ఉంటే అంతే, ఏ కాలమైనా. కాకపోతే పొద్దున్నే బండి నడవకముందు కొలవాలి. నడిచాక టైరు వేడెక్కి గేజి ఎక్కువ చూపిస్తుంది, దాన్ని చూసి గాలి వదిలేయకూడదు. మనం పీల్చే గాలిలోనే నైట్రోజన్ 78 శాతం ఉంది. నైట్రోజన్ వల్ల నష్టమేమీ లేదు, కానీ పదిహేను రోజులకోసారి మామూలు గాలి చూపించుకునే మనిషికి దాని అవసరం లేదు.

ప్రశ్న: టైరులో మేకు లేదు, చిల్లు లేదు. రెండుసార్లు నీళ్ల తొట్టిలో ముంచి చూశారు, ట్రెడ్డులో ఏమీ దొరకలేదు. అయినా పది రోజులకి ఐదారు పాయింట్లు పోతోంది. మాది సముద్రం ఒడ్డు.
– ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: సముద్రం ఒడ్డు అని రాసి మంచిపని చేశారు. నా అనుమానం రిమ్ము మీద. టైరు అంచుని బీడింగు అంటాం. అది రిమ్ముకి ఒత్తుకుని కూర్చున్నంతకాలమే గాలి ఆగుతుంది. ఉప్పుగాలికి ఇనుప రిమ్ము ఆ అంచు కింద తుప్పు పొక్కులు కడుతుంది. అలాయ్ అయితే రంగు లేచి తెల్లటి బూజులాంటి పొడి పడుతుంది. వెంట్రుకవాసి సందు చాలు. నీళ్లలో ముంచినప్పుడు చూపంతా ట్రెడ్డు మీదే ఉంటుంది, అంచు దగ్గర నిమిషానికో బుడగ పైకొస్తే ఎవరూ గమనించరు. చక్రాన్ని పడుకోబెట్టి, అంచు చుట్టూ చిక్కటి సబ్బు నీళ్లు పోసి, కాసేపు కదలకుండా చూడమనండి. తర్వాత తిరగేసి రెండో పక్క. బుడగలొస్తే టైరు విప్పి, వైరు బ్రష్షుతో తుప్పంతా పోయేలా గీకి, నున్నగా చేసి, బీడ్ సీలర్ రాసి ఎక్కించాలి. రిమ్ముకి పగులుంటే సీలర్‌తో మూయనివ్వకండి, రిమ్ము మార్చాలి.

అంతకంటే ముందు వాల్వు చూడండి. పిన్ను మీద ఒక చుక్క సబ్బు నీళ్లు వేస్తే బుడగ ఉబ్బుతుందా? పిన్ను మారిస్తే పోతుంది, పది ఇరవై రూపాయల పని. రబ్బరు వాల్వు మొదట్లో పక్కకి వంచి చూస్తే సన్న పగుళ్లు కనిపిస్తే వాల్వే మార్చేయాలి. కొత్త టైరు వేసినప్పుడల్లా వాల్వు కూడా కొత్తది వేయించుకోవాలి, చాలామంది ఇది మరిచిపోతారు. వాల్వు మూత పారేసుకోకండి, ఇసకా ఉప్పూ లోపలికి పోకుండా ఆపేది అదే.

ప్రశ్న: కొత్త కారు కొన్నాం. స్టెప్నీ ఇవ్వలేదు, ఒక సీసాలో మందు, చిన్న గాలి పంపు ఇచ్చారు. ఇది న్యాయమేనా? మేం నెలకోసారి సీతంపేట ఏజెన్సీ ఊళ్లకి వెళ్లాలి. పాత కారుకి స్టెప్నీ ఉన్నా ఒకసారి నట్లు ఊడక రెండు గంటలు రోడ్డు మీద నిలబడ్డాం.
– ఒక హెల్త్ సూపర్‌వైజరు, రాజాం

జవాబు: చట్టప్రకారం తప్పు లేదమ్మా. 2020లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. ట్యూబ్‌లెస్ టైర్లు, టైరులో గాలి ఎంతుందో చెప్పే సెన్సర్లు, పంచర్ కిట్టు ఇస్తే చిన్న వాహనాలకి స్టెప్నీ తప్పనిసరి కాదు. పట్నంలో తిరిగేవాళ్లకి అది సరిపోతుంది. సీతంపేట కొండ దారిలో సరిపోదు. ఆ మందు ట్రెడ్డులో పడ్డ చిన్న కంతనే మూస్తుంది. రాయి పక్కగోడని కోస్తే సీసా మొత్తం పోసినా నిలవదు. మీ కారు సైజు రిమ్ము, టైరు ఒకటి కొని వెనక పెట్టుకోండి, జాకీ, స్పానరు కూడా. వెళ్లేముందు అన్నిటితోపాటు దానికీ గాలి చూపించండి. ఏళ్ల తరబడి డిక్కీలో పడి ఉన్న స్టెప్నీ అవసరానికి తీస్తే చప్పగా ఉండటం నేను ఎన్నోచోట్ల చూశాను.

మందు పోయాల్సి వస్తే సీసా మీద రాసిన వేగం దాటకండి. షాపుకి వెళ్లాక టైరు విప్పకముందే, లోపల మందు పోశామని చెప్పండి. అది తుడిచి కడిగితేగానీ ప్యాచ్ అంటదు, సెన్సరు మీద పేరుకున్నా శుభ్రం చేయాలి.

నట్ల సంగతికొస్తే, అది షాపులో గాలి గన్నుతో మితిమీరి బిగించిన ఫలితం. అలా బిగిస్తే బోల్టు సాగుతుంది, బ్రేకు డిస్కు వంకరపోవచ్చు, దారిలో ఆడమనిషి కాదు కదా పహిల్వానుకైనా ఊడదు. చిన్న కార్లకి నట్టు బిగింపు 100 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, మీ బండి పుస్తకంలో సరైన అంకె చూడండి. గన్నుతో దగ్గరికి తెచ్చి, చివరి బిగింపు టార్క్ రెంచితో, అంటే బిగింపు ఎంతో కొలిచి చూపే స్పానరుతో, చేయమని అడగండి. రోడ్డు మీద మీరే మార్చుకునేటప్పుడు హ్యాండ్ బ్రేకు వేసి, అవతలి చక్రానికి రాయి అడ్డుపెట్టి, చక్రం నేల మీద ఉండగానే నట్లు వదులు చేయండి. ఆ తర్వాతే జాకీ.

ప్రశ్న: ట్యూబ్‌లెస్ టైరుకి పంచర్లు ఎక్కువయ్యాయి. అందులో ట్యూబ్ వేసేస్తే గొడవ వదులుతుందని అంటున్నారు.
– ఒక ట్యాక్సీ డ్రైవరు, నెల్లిమర్ల

జవాబు: గొడవ పెరుగుతుంది. ట్యూబ్‌లెస్ టైరు లోపలి వైపు ట్యూబ్ కోసం చేసింది కాదు. రెండూ ఒరుసుకుని వేడెక్కుతాయి. పైగా ట్యూబ్‌లో మేకు దిగితే అది ఒక్కసారిగా చిరిగి, గాలంతా వాల్వు సందులోంచి క్షణాల్లో పోతుంది. ట్యూబ్‌లెస్‌లో మేకు చుట్టూ రబ్బరు బిగుసుకుని గాలి నిదానంగా దిగుతుంది, బండి ఆపుకునే వ్యవధి మనకి దొరుకుతుంది. అమెరికాలో గుడ్‌రిచ్ కంపెనీ ఇంజనీరు ఫ్రాంక్ హెర్జెగ్ 1940ల్లో దీనికోసం కష్టపడింది ఆ వ్యవధి కోసమే, 1952లో పేటెంటు వచ్చింది. పంచర్లు ఎక్కువవుతున్నాయంటే నీ టైరు అరిగిపోయి ఉంటుంది. ట్రెడ్డు గాడుల్లో చిన్న దిమ్మెలుంటాయి చూడు, 1.6 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి. ట్రెడ్డు అరిగి వాటికి సమానమైతే టైరు పని అయిపోయినట్టే. గుండైపోయిన టైరుకి ట్యూబ్ వేసి ప్రయాణికుల్ని ఎక్కించుకోకు బాబూ.

ప్రశ్న: నమస్కారం గురువుగారూ. మా నాన్న లారీ టైర్ల పంచర్లు వేస్తారు. నేను ఐటీఐ చేశాను. పక్కనే కారు టైర్లకి షాపు పెడదామనుకుంటున్నాను. ఏం కొనాలి, ఏం నేర్చుకోవాలి?
– ఒక యువకుడు, సాలూరు

జవాబు: నీ ఉత్తరం చూసి చాలా సంతోషమైంది నాయనా. సాలూరు అంటేనే లారీల ఊరు. కొరాపుట్ ఘాటీ ఎక్కే దిగే బళ్లన్నీ నీ ముందునుంచే పోతాయి. మీ నాన్నకున్న చేతిబలం, ఓపిక నీకు పెట్టుబడి.

డబ్బు పరిమితంగా ఉంటే ముందు టైరు విప్పే మిషను కొను. గడ్డపారలతో అలాయ్ రిమ్ము విప్పితే గీతలు పడతాయి, బీడింగు తెగుతుంది. బ్యాలెన్సింగ్ మిషను తర్వాత చూసుకోవచ్చు, దగ్గర్లో ఉన్నవాళ్లతో ఒప్పందం చేసుకో. గీకడానికి వేగం తక్కువ తిరిగే బఫరు తీసుకో, నిమిషానికి 5000 చుట్లు దాటనిది. వేగం ఎక్కువైతే రబ్బరు మాడి ప్యాచ్ పట్టదు. కార్బైడ్ కట్టర్లు, పళ్ల చక్రం, టార్క్ రెంచి, మంచి గేజి, చక్రం మొత్తం మునిగే తొట్టి, తలకి పెట్టుకునే లైటు. మష్రూమ్ ప్యాచ్‌లు రెండు మూడు సైజుల్లో ఉంచు. ప్యాచూ సొల్యూషనూ ఒకే కంపెనీవి వాడు, డబ్బా మీద గడువు తేదీ చూసి కొను, మూత తెరిచి పెట్టకు. ఆ వాసన ఒంటికి మంచిది కాదు, నిప్పు త్వరగా అంటుకునే సరుకు. షాపులోపల బీడీ గానీ వెల్డింగు గానీ వద్దు.

బీడింగు కూర్చోబెట్టేటప్పుడు 40 పాయింట్లు దాటించకు. అప్పటికీ కూర్చోకపోతే గాలి తీసేసి, సబ్బు పేస్టు మళ్లీ రాసి మొదలుపెట్టు. టైరు మీదికి వంగి గాలి కొట్టకు, చెయ్యి అంచు మీద పెట్టకు. లారీ రిమ్ములు చాలావాటికి లాకింగు రింగు, అంటే టైరుని రిమ్ము మీద పట్టి ఉంచే విడి ఇనుప రింగు, ఉంటుంది. అలాంటివి ఇనుప బోనులో పెట్టే గాలి కొట్టాలి. మీ నాన్న దగ్గర బోను లేకపోతే కారు మిషను కంటే ముందు అది చేయించు.

గిరాకీ ఎంత తొందరపెట్టినా టైరు లోపల చూపించి, పనికొస్తుందో లేదో చెప్పి, ఆ తర్వాతే చెయ్యి వెయ్యి. పారేయాల్సిన టైరుని పారేయాలని చెబితే ఆ రోజు నీకు 500 పోతాయి. పోనీ. ఆ మనిషి సంసారంతో ఆ ఘాటీ దిగాలి. పని అయ్యాక నట్లు ఎదురెదురుగా బిగించి, 50 కిలోమీటర్లు తిరిగాక వచ్చి మళ్లీ ఒకసారి బిగింపు చూపించుకోమని చెప్పి పంపించు. దానికి డబ్బులు తీసుకోకు.